ఆయమ్మ అని పిలిస్తే సరిపోతుందా?



హుస్సేనీ ఆలంలో ఉండే మనకు దవాఖానాలు దూరం కాదు. చౌక్ మీదుగా నడిస్తే చార్మినార్ పక్కనే యునానీ దవాఖానా. ఇంకోవైపు తిరిగితే పేట్లబుర్జు ప్రసూతి దవాఖానా. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా. ఇక గల్లీకొకటి చొప్పున నర్సింగ్ హోములు, క్లినిక్కులు ఉండనే ఉన్నాయి. జ్వరమొచ్చినా, కడుపునొప్పి వచ్చినా, ఊరినుంచి అమ్మనో నానమ్మనో చూపించడానికి తెచ్చినా మనం పోయేది వీటికే. అక్కడ డాక్టరు మంచం దగ్గర ఐదు నిమిషాలు నిలబడతాడు. నర్సు సెలైన్ పెట్టి, మందులిచ్చి, ఛార్టు రాసి పక్క మంచానికి పోతుంది. మిగతా పొద్దంతా, రాత్రంతా ఆ మంచం చుట్టూ తిరిగే మనిషి ఎవరు?

ఆ మనిషికి మన దగ్గర సరైన పేరు కూడా లేదు. సర్కారు దవాఖానాలో ఆయమ్మ, వార్డ్ బాయ్. కాగితాల్లో నాలుగో తరగతి ఉద్యోగి. ఏజెన్సీ కింద ఔట్‌సోర్సింగ్‌లో ఉంటే ‘పేషెంట్ కేర్’. కార్పొరేట్ ఆస్పత్రిలో జీడీఏ, అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్. ఇళ్లకు పోయి మంచానపడ్డ వాళ్లను చూసుకునే ఆడపిల్లను బ్యూరోవాళ్లు హోమ్ నర్సు అని చెప్పి పంపుతారు, ఆమె నర్సింగ్ చదవకపోయినా సరే. అమెరికాలో ఇదే పని చేసేవాళ్లను సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్లు అంటారు. అక్కడ 1987లో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే నర్సింగ్ హోముల్లో పనిచేసే ప్రతి అసిస్టెంటుకూ కనీసం 75 గంటల శిక్షణ, ఆపైన పరీక్ష ఉండాలనీ, పాసైనవాళ్ల పేర్లతో ప్రతి రాష్ట్రమూ ఒక రిజిస్టరు పెట్టాలనీ ఆ చట్టం చెప్పింది. అక్కడా వాళ్లకు జీతాలు తక్కువేననుకోండి. అయినా పేరుంది, రిజిస్టరుంది, ఏటా జూన్‌లో వాళ్ల పేరు మీద ఒక వారమూ ఉంది. మన దగ్గర మే 12 నర్సుల దినోత్సవం, జులై 1 డాక్టర్ల దినోత్సవం. ఆయమ్మల దినోత్సవం లేదు. ఉండి తీరాలని మేము పట్టుబట్టడం లేదు. దినాలకేం కొదవ, క్యాలెండర్ నిండా అవే. మేము మాట్లాడేది మిగతా రోజుల గురించి.

వార్షికోత్సవ సంచికలో ఈ మాట ఎందుకని కొందరు అడగవచ్చు. మన హాస్టల్ నుంచి పోయినవాళ్లలో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారు. వాళ్ల గురించి ప్రతి సంచికలోనూ చదువుతున్నాం. సంతోషమే. కానీ ఇంటర్‌తో చదువు ఆగిపోయి, లేదా డిగ్రీ చేతికొచ్చినా ఉద్యోగం రాక, మూడు నెలలో ఆరు నెలలో ట్రైనింగ్ తీసుకుని ఆస్పత్రుల్లో చేరిన అక్కలూ ఉన్నారు. వాళ్లను ఎక్కడ పనిచేస్తున్నారని అడిగితే ‘హాస్పిటల్లో’ అని ఆపేస్తారు. ఏం పని అని ఇంకో మాట అడిగితే మాట మార్చేస్తారు. ఒక సీనియర్ అక్కకు సంబంధం కుదిర్చేటప్పుడు ఇంట్లోవాళ్లు ‘ల్యాబ్‌లో పని’ అని చెప్పారట. ఆ అక్క నవ్వుతూనే చెప్పింది మాకీ సంగతి. వింటున్న మాకు మాత్రం నవ్వు రాలేదు. ఇందులో అంత దాచుకోవలసింది ఏముంది?

అసలు ఆ పనేమిటో ఒకసారి చూద్దాం. పక్షవాతం వచ్చి కదలలేని మనిషిని కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర, ఎముక తగిలే ప్రతిచోటా చర్మం కమిలి పుండు పడుతుంది. ఆ పుండు ఎముకదాకా పోతుంది. దాంట్లో చీము పట్టి, జబ్బుతో పోని మనిషి పుండుతో పోతాడు. ఒక వార్డులో అలాంటివాళ్లు ఆరుగురున్నారనుకుందాం. పన్నెండు గంటల డ్యూటీలో ఒక్కొక్కరిని ఆరుసార్లు, మొత్తం ముప్పై ఆరుసార్లు తిప్పాలి. ఒక్కొక్కరు యాభై, అరవై, ఎనభై కిలోల మనిషి. చేసే పిల్ల నలభై ఐదు కిలోలుండదు. అందుకే దానికో పద్ధతుంది. దుప్పటి కింద అడ్డంగా ఇంకో బట్ట వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని, నడుము వంచకుండా మోకాళ్లు వంచి లాగాలి. రెండో మనిషి లేకపోతే ఒక్కతే చేస్తుంది. ముప్పై ఏళ్లు రాకముందే నడుము పోయేది ఇందుకే.

అన్నం తినిపించడం కూడా పనేనా అనుకుంటాం. మింగలేని మనిషిని పడుకోబెట్టి జావ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అవుతుంది. తల వైపు మంచం ఎత్తి, కూర్చోబెట్టి, చెంచా చెంచాకూ మింగాడో లేదో చూసి, తిన్నాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. మూత్రం సంచీ ఎప్పుడూ పొత్తికడుపుకంటే కిందనే వేలాడాలి, పైకెత్తితే మూత్రం వెనక్కిపోయి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. స్ట్రెచర్ మీద ఎక్స్‌రేకు తీసుకుపోయేటప్పుడు ఆ సంచీని రోగి కడుపు మీద పెట్టేసేవాళ్లను చూసే ఉంటారు. అలా పెట్టకూడదని తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ తేడా ఎంతో ఇప్పుడు చెప్పండి. ఇక స్నానం చేయించడం, నోరు కడగడం, మలమూత్రాలు ఎత్తడం, బట్టలు మార్చడం. చనిపోతే కళ్లు మూసి, దవడకు కట్టు కట్టి, శరీరాన్ని శుభ్రం చేసి బంధువులకు అప్పగించడం. ఇవన్నీ చేస్తూనే ఆమె ఇంకొకటి చేస్తుంది. కనిపెడుతుంది. నిన్న మాట్లాడిన ముసలాయన ఇవాళ పలకడం లేదనీ, మూత్రం రంగు మారిందనీ, కాలు వాచిందనీ ముందుగా తెలిసేది ఆమెకే. ఆమె సిస్టర్‌కు చెబుతుంది, సిస్టర్ డాక్టర్‌కు చెబుతుంది. డిశ్చార్జి రోజు బంధువులు దండం పెట్టేది డాక్టర్‌కు.

పాతబస్తీలో దీనికి తోడు భాష సంగతి ఒకటుంది. ఊళ్లనుంచి వచ్చిన మన పిల్లలకు వార్డులో చేరిన వారంలోపే దక్కనీ ఉర్దూ వచ్చేస్తుంది. రాకపోతే గడవదు. పర్దా పాటించే తల్లికి మగమనిషి చేయి తగలకుండా చూడటం, ఉపవాసమున్న మనిషికి మందు ఏ వేళకో సిస్టర్‌ను అడిగి చెప్పడం, చావుబతుకుల్లో ఉన్న మనిషి పక్కన ఖురాన్ చదువుకుంటామంటే కాస్త జాగా చేసి ఇవ్వడం ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ పూర్తిగా ఉండవు. పనిలో నేర్చుకోవలసిందే.

చరిత్రలోకి పోదాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తింది. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలోని చింతచెట్టు మీదికెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటాం. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఉస్మానియా లేచింది. కట్టించిన రాజు పేరు తెలుసు, గీసిన ఆర్కిటెక్టు పేరు తెలుసు. అంతకుముందు 1880ల చివర్లో హైదరాబాద్‌లో క్లోరోఫామ్ మీద పరీక్షలు జరిపిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పేరు, మత్తుమందు ఇవ్వడంలో ప్రపంచంలోనే తొలి మహిళా డాక్టర్లలో ఒకరుగా లెక్కించే రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రోగులను టేబుల్ మీదికి ఎత్తినవాళ్ల గురించి, మెలకువ వచ్చి వాంతులు చేసుకుంటే శుభ్రం చేసినవాళ్ల గురించి ఎవరూ చెప్పుకోరు.

2020 జులైలో పడిన వానకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. ఆ నెలలోనే ఆ భవనాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. ‘రోగులను వేరే బ్లాకులకు తరలించారు’ అని పేపర్లలో వచ్చింది. మన తెలుగులో ఒక సౌకర్యముంది, కర్త లేకుండా వాక్యం నడిచిపోతుంది. తరలించారు. ఎవరు? నీళ్లలో నిలబడి సెలైన్ సీసా ఒక చేత్తో ఎత్తిపట్టి, ఇంకో చేత్తో స్ట్రెచర్ తోసినవాళ్లు. ‘రోగికి స్నానం చేయించారు’, ‘మృతదేహాన్ని మార్చురీకి పంపారు’, ‘వార్డును శుభ్రపరిచారు’. ఇకనుంచి ఇలాంటి వాక్యం కనబడినప్పుడల్లా ‘ఎవరు?’ అని పక్కన పెన్సిల్‌తో రాసి చూడండి. చాలాచోట్ల జవాబు ఒక్కటే వస్తుంది. ఇప్పుడు ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కడుతున్నారు, 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. శిలాఫలకం మీద ఎవరి పేర్లుంటాయో మనకు తెలిసిందే.

కరోనా కాలం మరచిపోయేంత పాతది కాదు. 2020లో గాంధీ ఆస్పత్రిని కరోనా కోసమే కేటాయించినప్పుడు లోపలికి బంధువులను రానివ్వలేదు. కొడుకు గేటు బయట, తల్లి లోపల. నీళ్లు తాగించింది, ఫోన్ చెవి దగ్గర పెట్టి మాట్లాడించింది, పోయాక బ్యాగులో కట్టింది ఈ సిబ్బందే. ఆ సంవత్సరం మార్చి 22న సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది. మార్చి నెలాఖరులో కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమాలో వార్డ్ బాయ్‌లను, సఫాయి కార్మికులను పేరుపెట్టి చేర్చింది, అది మంచి పని. అదే జులైలో గాంధీలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాలు పెంచమని, పర్మనెంట్ చేయమని డ్యూటీలు ఆపి బయటికి వచ్చి కూర్చోవలసి వచ్చింది. చప్పట్లకూ దీనికీ మధ్య నాలుగు నెలలు.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మా గదిలో ఈ వ్యాసం గురించి మాట్లాడుకుంటుంటే ఒక మిత్రురాలు గట్టిగానే అడిగింది. “మన తాతముత్తాతలు ఎత్తిపోసిందే మళ్లీ మనం ఎత్తాలా? దానికి సేవ అని పేరు పెట్టి పొగడాలా?” ఈ ప్రశ్నను తోసిపారేయలేం. మన ఊళ్లలో మంత్రసాని ఎవరి ఇంటినుంచి వచ్చేది? బిడ్డను భూమ్మీదికి తెచ్చే చేయి కావాలి, పురుడు అయిపోయాక అదే చేయి వంటింటి గడప తాకకూడదు. చాటెడు గింజలు దూరంనుంచి పోసి పంపేవాళ్లు. పాకీపనిని పవిత్రమని పొగడటాన్ని అంబేడ్కర్ ఎంత ఘాటుగా విమర్శించారో మనం చదువుకున్నాం. కులమంటే పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషులనే విడగొట్టడమని 1936లో ‘కుల నిర్మూలన’లో ఆయన తేల్చిచెప్పారు. కాబట్టి ఉత్త పొగడ్తను మేము కూడా నమ్మం. ఆయమ్మను దేవత అన్నంత మాత్రాన ఆమె జీతం ఒకటో తారీఖున పడదు.

కానీ మిత్రురాలి ప్రశ్నలో సగమే ఒప్పుకుంటాం. జబ్బు మనిషిని శుభ్రం చేయడం హీనమైన పని కాదు. దాన్ని ఒక కులానికి అంటగట్టి, ఆ కులాన్ని హీనమనడంలో ఉంది హీనత్వం. 1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే ఏం చేశారు? ఊరి బయట అంటరాని వాడలో జ్వరంతో పడివున్న పిల్లవాడిని వీపున వేసుకుని, కొడుకు యశ్వంత్ నడుపుతున్న దవాఖానాకు మోసుకుపోయారు. ఆ రోగం ఆమెకు అంటుకుంది. మార్చి 10న కన్నుమూశారు. జనవరి 3న ఆమె జయంతి చేస్తాం, 2025 నుంచి మన రాష్ట్రంలో అది మహిళా ఉపాధ్యాయ దినోత్సవం కూడా. ఆ రోజు ఆమెను పలకా బలపంతోనే గుర్తుచేసుకుంటాం. వీపు మీద పిల్లవాడితో కూడా గుర్తుచేసుకోవాలని మా కోరిక.

కులం పోయిందా అంటే పోలేదు. ఇళ్లకు పోయి పనిచేసే అక్కలు చెప్పేది వింటే తెలుస్తుంది. ఊళ్లో హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి మనం వ్యాసాలు రాస్తాం. నగరంలో అపార్ట్‌మెంటు పదో అంతస్తులో, ఆ ఇంటి పెద్దావిడకు ఒళ్లు తుడిచి, తల దువ్వి, అన్నం తినిపించే పిల్లకు గ్లాసు వేరు, పళ్లెం వేరు. ఇరవై నాలుగు గంటల డ్యూటీ అని చెప్పి మంచం పక్కనే నేల మీద పడుకోమంటారు. రాత్రి నాలుగుసార్లు లేస్తే అది డ్యూటీ, పగలు పది నిమిషాలు కునుకు తీస్తే ‘పనిదొంగ’. ఇంటివాళ్లు ఇచ్చే డబ్బులో బ్యూరోవాళ్లు ఎంత పట్టుకుంటారో ఆ పిల్లకు తెలియదు.

ఇంకో ఫిర్యాదు కూడా వినాలి. “మీ ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు చేయి తడపందే స్ట్రెచర్ కదిలించరు, మగపిల్లాడు పుడితే ఒక రేటు, ఆడపిల్లయితే ఒక రేటు” అంటారు. ఉన్న మాటే. మన తల్లుల కొంగు ముడులు ఇలా విప్పుకున్నవే. పేదవాడి జేబులోంచి పేదవాడు గుంజుకోవడం తప్పు, దానికి జీతం తక్కువన్నది సాకు కాకూడదు. అయితే ఈ తప్పును చూపించి, వార్డులో పనిచేసే వాళ్లందరినీ దొంగలనడం ఇంకో తప్పు. ఏజెన్సీ మారినప్పుడల్లా ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పీఎఫ్ కట్ అవుతుంది, జమ అయిందో లేదో తెలియదు. జీతం రెండేసి నెలలకు ఒకసారి వస్తుంది. ఈ పరిస్థితుల్లో కూడా పైసా అడగకుండా పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ ఫిర్యాదు రాయరు కనుక వాళ్లు ఎవరికీ కనబడరు.

ఇప్పుడు చెల్లెళ్లకు నాలుగు మాటలు. ఈ పనిలోకి పోదామనుకునేవాళ్లు కళ్లు తెరిచి పొండి. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద జీడీఏ శిక్షణ ఫీజు లేకుండానే ఇచ్చారు. అదే కోర్సుకు గల్లీలో బోర్డు పెట్టి వేలు గుంజి, చివర్లో ‘నర్సింగ్’ అని పెద్దక్షరాలతో సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారు. ఆ కాగితంతో మీరు నర్సు కారు. నర్సు అంటే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో జీడీఏ పిల్లలతోనే ఇంజక్షన్లు ఇప్పిస్తారు, తక్కువ జీతానికి నర్సు దొరికినట్టు. రోగికి ఏదైనా అయితే కేసు పడేది ఆ పిల్ల మీద. ‘నాకు రాదు, నేను చేయను’ అని చెప్పడం మొదటిరోజే నేర్చుకోవాలి.

రెండోది సూది. వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి రావచ్చు. దానికి టీకా ఉంది. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. 2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం వ్యర్థాలు ముట్టుకునే సిబ్బందికి ఆ టీకా వేయించడం యాజమాన్యం బాధ్యత. అడిగితే ఉద్యోగం పోతుందేమోనని ఎవరూ అడగరు. నలుగురు కలిసి అడిగితే ఇస్తారు, మా సీనియర్లు అలాగే వేయించుకున్నారు. మూడోది నియామక పత్రం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం కార్మికులకు నియామక పత్రం ఇవ్వాలి. ఆ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలున్నాయి, ఆ చర్చ వేరు. మీ కాగితం మాత్రం అడిగి తీసుకోండి.

అక్కడే ఆగిపోవద్దని కూడా చెబుతున్నాం. ఇంటర్ పాసైనవాళ్లు రెండేళ్ల ఏఎన్ఎం చదవొచ్చు. ఏఎన్ఎంగా రిజిస్టర్ అయితే మూడేళ్ల జీఎన్ఎంకు అర్హత ఉంటుంది. ప్రభుత్వాన్ని మనం అడగవలసింది ఇక్కడే ఉంది. ఐదేళ్లు వార్డులో పనిచేసిన జీడీఏ అక్కకూ, నిన్న ఇంటర్ పాసైన పిల్లకూ ఏఎన్ఎం సీటు దగ్గర తేడా లేకపోతే ఎలా? ఆ అనుభవానికి కొన్ని మార్కులు వెయిటేజీ ఇవ్వాలి, పనిచేస్తూ చదువుకునేవాళ్లకు పోస్ట్‌మెట్రిక్ హాస్టల్లో చోటివ్వాలి. అప్పుడే ఇది కులం పని కాకుండా, మెట్లున్న వృత్తి అవుతుంది. మా మిత్రురాలి ప్రశ్నకు మేము ఇవ్వగలిగిన జవాబు ఇదే. ఆమె ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

బయటి దేశాలు ఈ పనిని వెతుక్కుంటూ వస్తున్నాయి. నిజామాబాద్, జగిత్యాల వైపునుంచి, గోదావరి జిల్లాలనుంచి ఎంతోమంది ఇజ్రాయెల్ పోయి అక్కడి వృద్ధులను చూసుకుంటున్నారు. 2023 అక్టోబర్ 7 దాడిలో కేరళకు చెందిన ఇద్దరు సంరక్షకురాళ్లు గంటల తరబడి తలుపు గడియ పట్టుకుని నిలబడి, తాము చూసుకునే ముసలివాళ్లను కాపాడితే, ఇజ్రాయెల్ రాయబార కార్యాలయం వాళ్లను మెచ్చుకుంటూ ప్రకటన చేసింది. వాళ్లు చేసిన ధైర్యం పెద్దది. ప్రాణం మీదికి తెచ్చుకుంటే తప్ప మెచ్చుకోలు దొరకని ఉద్యోగం కావడం మాత్రం మాకు నచ్చదు.

చివరగా మన కమిటీకి రెండు విన్నపాలు. ఈసారి పూర్వ విద్యార్థుల జాబితాలో ‘ఉద్యోగం’ అన్న గడిలో జీడీఏ, పేషెంట్ కేర్, హోమ్ కేర్ అని ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయండి, ‘ప్రైవేట్ ఉద్యోగం’ అని సర్దెయ్యవద్దు. ముందు ఆ అక్కలను అడగండి, వద్దన్నవాళ్లవి వదిలేయండి. వార్డులో పనిచేసే అక్కలు ఇద్దరు ముగ్గురు ఒక ఆదివారం వచ్చి, మంచానపడ్డ మనిషిని నడుము పట్టేయకుండా ఎలా తిప్పాలో హాస్టల్లో అందరికీ చేసి చూపిస్తామన్నారు. మనందరి ఇళ్లలోనూ ముసలివాళ్లున్నారు, పనికొస్తుంది. రెండోది సభ వేళ. పొద్దున పదింటికి పెడితే నైట్ డ్యూటీ దిగినవాళ్లు నిద్రమత్తులో ఉంటారు, డే డ్యూటీ వాళ్లు వార్డులో ఉంటారు. రెండు షిఫ్టులూ మారేది రాత్రి ఎనిమిదికి. సాయంత్రం ఐదున్నరకు మొదలుపెడితే నైట్‌కు పోయేవాళ్లు ఓ గంటన్నర కూర్చుని పోతారు, డే డ్యూటీ వాళ్లు ఎనిమిదిన్నరకల్లా వచ్చి భోజనాలకు అందుకుంటారు. వాళ్ల వాటా అన్నం, కూర తీసి పక్కన పెట్టమని వంట అక్కకు ముందే చెప్పి ఉంచుదాం.